ఓమ్‌లతో దొంగను పట్టిన రత్నసభాపతి

“ఈ భూమ్మీద నేరాలు రెండే రకాలు. నేను పట్టుకున్నవి, నేనింకా చేరుకోనివి!”

తుడియలూరులో మోటారు పంపులు చేసే వర్క్‌షాపు గేటు ముందు మోపెడ్ దిగుతూ రత్నసభాపతి ఈ ప్రకటన చేశాడు. వినడానికి అక్కడ ఒక మేక తప్ప ఎవరూ లేరు. అందుకని లోపలికి వచ్చి మళ్ళీ చేశాడు.

రత్నసభాపతి టౌన్ బస్సుల్లో టిక్కెట్ చెకింగ్ చేసి రిటైరైన మనిషి. టిక్కెట్ కొననివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు అన్న ఒక్క సూత్రం మీద ఉద్యోగమంతా నడిపాడు. సింగానల్లూరు బస్సులో కిటికీ సీటు దొరికిన ప్రతివాణ్ణీ దించి, ఆపైన టిక్కెట్ చూసి, ఎక్కించి, సారీ చెప్పేవాడు. ఇప్పుడు “ప్రైవేట్ డిటెక్టివ్” అని కార్డులు కొట్టించుకున్నాడు.

“మిమ్మల్నెవరు పిలిచినారు?” అంది ఓనరమ్మ పరమేశ్వరి.

“పిలవకముందే వచ్చేవాడు డిటెక్టివ్. పిలిస్తే వచ్చేవాడు ప్లంబరు. శవం ఎక్కడ?”

“పోయింది యాలకుల మాల, మామా. మనిషి కాదు,” అంది చారులత. ఆమె రత్నసభాపతి అక్క కూతురు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దున్నే ఇంటికి ఫోన్ చేసి ఏడ్చింది ఆమే.

“ఇప్పటికి మాలే,” అన్నాడు రత్నసభాపతి, గొంతు తగ్గించి.

సంగతి ఇదీ. ఆ రోజు కొత్త పంపు విడుదల. పదకొండింటికి ముఖ్య అతిథి వస్తాడు. ఆయన మెడలో వెయ్యడానికి బోడినాయకనూరు నుంచి పరమేశ్వరి తమ్ముడు లావుపాటి యాలకుల మాల పంపాడు. రాత్రి స్టోరు గదిలో పెట్టారు. తెల్లారేసరికి లేదు. స్టోర్‌కీపర్ ముందే ఇంటికి పోవడంతో ఆ రాత్రి స్టోరు తాళంచెవి చారులత దగ్గర ఉంది. ఆమె టెస్టింగ్ బెంచిలో చేరి వారమే అయింది.

ఏ వస్తువు పోయినా ముందు కొత్తగా చేరిన ఆడపిల్ల సంచీ విప్పించడం మన వర్క్‌షాపుల ధర్మం. విప్పించారు, అందరి ముందూ. టిఫిన్ డబ్బా, గొడుగు దొరికాయి. అనుమానం పోయిందా? పోలేదు. ఏమీ దొరకలేదంటే బాగా దాచిందని తేల్చారు.

“గెస్ట్ వచ్చేలోపల మాల రాలేదంటే రేపటినుంచి రావద్దు,” అనేసింది పరమేశ్వరి.

రత్నసభాపతి మీసం దువ్వాడు. “యాలకులు దొంగిలించినవాడు నీళ్ళతో చెయ్యి కడగొచ్చు. వాసనను కడగలేడు!” అంటూ లేత్ మీద పనిచేసే దినకరన్ చెయ్యి గుంజి ముక్కుకు ఆనించుకున్నాడు. “ఏలక్కాయ! దొరికినావురా!”

“ఇప్పుడే టీ తాగినాను సార్. ఏలక్కాయ టీ.”

స్టోర్‌కీపర్ సత్యరాజ్ చెయ్యి లాగాడు. అదే వాసన. చారులత చేతికీ అదే. చివరికి రత్నసభాపతి తన చెయ్యి తానే వాసన చూసుకున్నాడు. వీధి మొదట్లోని బడ్డీకొట్టులో ఆయనా ఒక టీ పట్టించే వచ్చాడు.

“ఓహో,” అన్నాడు. “ఇది పెద్ద ముఠా పని. అందరికీ ముందుగానే టీ పోసినారు.”

“అప్పరం? ఇంకేం చేస్తారు?” అంది పరమేశ్వరి గడియారం చూస్తూ.

ఆయన చూపు చారులత బెంచి మీద పడింది. అక్కడ మల్టీమీటరు ఉంది. మోటారు చుట్టలో తీగ బాగుందో లేదో చూసే చేతిపెట్టె. దానికి ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి.

“సైన్సు!” అని గర్జించాడు. “అబద్ధం చెప్పేవాడికి చెయ్యి చెమరుస్తుంది. తడి చేతిలో కరెంటు దౌడు తీస్తుంది. అంటే దాన్ని అడ్డుకునే శక్తి, రెసిస్టెన్సు, తగ్గుతుంది. నంబరు ఎంత తక్కువో నేరం అంత ఎక్కువ!”

“మామా, అది వైండింగ్ చూసే మీటరు. మనసు చూసేది కాదు.”

“పట్టుకోమ్మా తీగలు. న్యాయానికి మేనగోడళ్ళు లేరు.”

ముందు తానే పట్టుకొని చూపించాడు. అప్పటికే చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. మీటరు 212 చూపించింది. “చూడండి! నిజాయితీపరుడి నంబరు ఇట్లా ఉంటుంది!” అన్నాడు. దినకరన్ పట్టుకుంటే 640. సత్యరాజ్‌కు 850.

పరమేశ్వరి చెయ్యి చాచబోతే ఆయన వారించాడు. “అయ్యయ్యో, మీరేంటికమ్మా! ఓనరు ఇంటివాళ్ళకు తీగ పట్టించేది మర్యాదా?” మూల కుర్చీలో కూర్చొని వక్క నములుతున్న ఆమె అత్తగారు పాప్పమ్మాళ్ వైపు ఎవరూ తల కూడా తిప్పలేదు.

చివరికి చారులత పట్టుకుంది. మీటరు 1.4 చూపించింది.

రత్నసభాపతి రెండడుగులు వెనక్కి వేశాడు. ఈ పిల్లను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకొని తిప్పాడు. ఈ ఉద్యోగానికి ఆమె తెచ్చిన సిఫార్సూ ఆయనదే. అయినా వేలెత్తి ఆమె వైపు చూపించాడు.

“ఒకటి పాయింట్ నాలుగు! ఇంత చిన్న నంబరు నా సర్వీసులో చూడలే! చారులతా, ఎంత పని చేసినావు తల్లీ!”

“నీ సర్వీసులో మీటరే చూడలేదు కదా మామా! నంబరు పక్కన చిన్న అక్షరం ఉండాది, చదువు!”

“చిన్న అక్షరాలు చదివేవాడు గుమాస్తా. నేను డిటెక్టివ్‌ని.”

“రెసిస్టెన్సును కొలిచేది ఓమ్‌లలో. మీకంతా వచ్చింది కిలో ఓమ్‌లు. నాకు వచ్చింది మెగా ఓమ్‌లు. వెయ్యి ఓమ్‌లు ఒక కిలో. వెయ్యి కిలోలు ఒక మెగా. నా ఒకటి పాయింట్ నాలుగు అంటే పద్నాలుగు వందల కిలో. అందరికంటే నాదే ఎక్కువ!”

“దొరికిపోయినాక లెక్కలు చెప్పేవాళ్ళని బస్సులో చానామందిని చూసినాను.”

దినకరన్‌కు జాలేసింది. “సార్, తొమ్మిది వందల మిల్లీ పాలు ఎక్కువా, ఒకటిన్నర లీటరు పాలు ఎక్కువా?”

“ఒకటిన్నర లీటరు. నన్నేం వెర్రివాణ్ణి అనుకుంటివా?”

“ఇదీ అట్లే సార్.”

“పాలు కంటికి కనబడతాయి. కరెంటు కనబడదు. కనబడని దానికి నంబరే సాక్షి!”

చారులత విసవిసా కొళాయి దగ్గరికి పోయి, రెండు చేతులూ నిండా తడిపి, నీళ్ళు కారుతుండగానే వచ్చి తీగలు పట్టుకుంది.

“ఇప్పుడు చెయ్యంతా తడి. నీ లెక్కన నంబరు ఇంకా తగ్గాల. ఆమానా?”

“ఆమా,” అని తలూపాడు రత్నసభాపతి.

“ఎంత చూపిస్తాండాది?”

“ఎనభై ఐదు,” అన్నాడు ఆయన. మళ్ళీ చూశాడు. “ఎనభై ఐదు! ఒకటి నుంచి ఎనభై ఐదుకు పెరిగిందే? తడిస్తే పెరగడమేంది?”

“పెరగలే. పద్నాలుగు వందల కిలోనుంచి ఎనభై ఐదు కిలోకు పడిపోయింది. ఇప్పుడైనా ఆ అక్షరం చదవతావా?”

రత్నసభాపతి జేబులోంచి కళ్ళజోడు తీశాడు. పెట్టుకున్నాడు. మీటరు మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచేటప్పటికి ముఖం పాలిపోయింది, వెంటనే వెలిగిపోయింది కూడా. మేనగోడలు దొంగ కాదు!

“ఐతే...” అని నసిగాడు. “చెయ్యి తడపకముందు లెక్కల్లో అందరికంటే తక్కువ ఎవరిది?”

సత్యరాజ్ చూరు వైపు చూశాడు. దినకరన్ మాత్రం మెల్లగా, “రెండు వందల పన్నెండు, సార్. కిలోనే. మీది,” అన్నాడు.

అల్పుడైతే అక్కడ మాట మార్చేవాడు. రత్నసభాపతి అల్పుడు కాదు. ఛాతీ విరిచాడు. తన చొక్కా కాలరు తానే పట్టుకున్నాడు.

“రత్నసభాపతీ! నీ ఆట కట్టింది! రాత్రి ఎక్కడున్నావు?”

“ఇంట్లో నిద్రపోతాంటిని,” అని తనే జవాబు చెప్పాడు.

“సాక్షి?”

“ఎవరూ లేరు.”

“అందరు దొంగలూ చెప్పేది ఇదే! పారిపోకు!”

పారిపోకుండా తనను తాను వెనక్కి ఈడ్చుకుపోతుంటే, నేల మీద పరిచిన కేబులు కాలికి తగిలింది. ఆయన తూలాడు. చేతికి ఏది అందితే అది పట్టుకున్నాడు. అందింది పట్టుగుడ్డ. ముఖ్య అతిథి తన చేత్తో తెరవాలని కొత్త పంపు మీద కప్పి, తాకితే వేళ్ళు విరుస్తానని పరమేశ్వరి అందరికీ వార్నింగిచ్చిన గుడ్డ. గుడ్డతో సహా ఆయన నేల మీద పడ్డాడు.

పంపు బయటపడింది. నున్నగా, నీలంగా మెరుస్తూ, మెడలో లావుపాటి యాలకుల మాలతో, నుదుటన పసుపు కుంకుమలతో.

“సామీ!” అంది పరమేశ్వరి. “దీనికెవరు వేసినారు?”

“నేనే,” అంది పాప్పమ్మాళ్, వక్క ఊసి. “తెల్లారక ముందే వేస్తిని. స్టోరుకు ఇంకో తాళంచెవి నా కొంగులోనే ఉండాది కదా. మన కడుపుకు అన్నం పెట్టేది ఇది. రిబ్బను కత్తిరించి టిఫిన్ తిని పొయ్యేవాడికి ఏంటికి ఏలక్కాయ మాల? వానికి ఒక తుండుగుడ్డ కప్పితే సాలదా?”

“ఇంత రచ్చ జరుగుతాంటే ఒక మాట చెప్పకూడదా అత్తా!”

“నన్నెవరు అడిగినారు? మీరంతా ఆ పిల్ల సంచీలో ఎతుకుతాంటిరి.”

బయట కారు హారన్ మోగింది. పరమేశ్వరి గబగబా చీర సర్దుకుంది. “సరి సరి, మాల దొరికింది. చారూ, పో, పంపు స్టార్ట్ చెయ్యి. గెస్ట్ వచ్చేసినారు.”

చారులత కదల్లేదు. “అందరి ముందూ సంచీ విప్పించినారు అక్కా. అందరి ముందూ చెప్పండి.”

“గెస్ట్ పోయినాక చెప్తాను, కణ్ణు.”

“గెస్ట్ కూడా అందర్లో ఒకడే కదా.”

దినకరన్ లేత్ స్విచ్చి ఆపేశాడు. సత్యరాజ్ చేతులు కట్టుకొని చారులత పక్కన నిలబడ్డాడు. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ముఖ్య అతిథి గుమ్మంలోకి వచ్చి, నవ్వుముఖం పెట్టి, చప్పట్లు ఎందుకు రాలేదా అని చూస్తున్నాడు.

పరమేశ్వరి పెదవి కొరుక్కుంది. “చారులత తియ్యలే. అడగకుండా అనుమానించినాను. తప్పు నాదే,” అంది. కొంచెం మెల్లగానే అంది. “వినబడలే,” అంది మూలనుంచి పాప్పమ్మాళ్. ఇంకోసారి, గట్టిగా అంది.

అప్పుడు చారులత వెళ్ళి స్విచ్చి వేసింది. పంపు మాల వేసుకొనే తిరిగింది. నీళ్ళు ఎగిసిపడ్డాయి.

అతిథికి తుండుగుడ్డే దక్కింది. ఆయన దాన్ని సర్దుకుంటూ, కింద పట్టుగుడ్డ చుట్టుకొని కూర్చున్న మనిషిని చూశాడు. “ఇక్కడేదో దొంగతనం జరిగిందంట కదా? దొంగ దొరికినాడా?”

రత్నసభాపతి లేచి సెల్యూట్ కొట్టాడు.

“దొరికినాడు సార్! కాకపోతే వాడు దొంగతనం చెయ్యలేదు.”