సైగలాయన అద్దాల గది

ఆ రోజుకు సైగలాయన వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. ఎనిమిదింటికి అద్దాల మేస్త్రీ ఆఖరి తలుపు బిగించి వెళ్ళాలి. పదింటికి తాను గడ్డం గీసుకోవాలి. నాలుగింటికి అక్క రావాలి. మొదటిది మేస్త్రీ చేతిలో ఉంది, రెండోది తన చేతిలో ఉంది, మూడోది బస్సు చేతిలో ఉంది. కాబట్టి బెంగ పెట్టుకోవలసింది మూడోదాని గురించేనని ఆయన లెక్క.

చేతుల గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఓడరేవులో ముప్ఫై ఒక్క ఏళ్ళు క్రేన్లకు సైగలు చేసిన మనిషి. ఆ రణగొణధ్వనిలో నోరు ఎంత పెద్దదైనా లాభం లేదు, చెయ్యి చెప్పిందే మాట. చూపుడు వేలు ఆకాశానికి చూపి గిరగిర తిప్పితే బరువు పైకి లేస్తుంది. నేలకు చూపి తిప్పితే కిందికి దిగుతుంది. అరచేయి ఎదురుగా పెట్టి గాలిని నెడితే ముందుకు తోయమని. రెండు చేతులూ పక్కలకు చాచి, అరచేతులు నేలకేసి పెట్టి, అటూ ఇటూ ఊపితే ఉన్నపళాన ఆగిపొమ్మని. ఆ ఆఖరి సైగకు ఏ డ్రైవరూ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

రిటైరయ్యాక క్రేన్లు పోయాయి, సైగలు మిగిలాయి. కొట్లో అరటిపళ్ళు ఎన్ని కావాలంటే వేళ్ళు చూపించేవారు. బాగున్నారా అని ఎవరైనా పలకరిస్తే బొటనవేలు ఎత్తేవారు. వయసులో ఉన్నప్పుడు రెండు మూడు చోట్ల పెళ్ళిమాటలు నడిచాయి కానీ, ఈయన వైపు నుంచి మాటలే లేకపోవడంతో అవి అక్కడే ఆగాయి. ఆయన నోటికి వారంలో ఏడు రోజులూ సెలవే. వీధిలో వాళ్ళు ఆయనకు పొగరని అనుకున్నారు. ఆయనకున్నది పొగరు కాదు, పలకరిస్తే ఏం చెప్పాలో తెలియని దిగులు. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి.

అక్కకు భర్త పోయి ఏడాదయింది. ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి తమ్ముడి ఊళ్ళోనే, సముద్రానికి దూరంగా ఉన్న చిన్ననాటి స్నేహితురాలి మేడ మీద గది. రెండోది తమ్ముడి ఇల్లు. "ఒరేయ్, నీ దగ్గరికి రావాలనే ఉంది గానీ, ఆ సముద్రపు గాలికి నా కీళ్ళు కీచుమంటాయి. వెలుతురు ఉండి గాలి కొట్టని చోటు ఒక్కటి చూపించు, పెట్టె సర్దుకుని వస్తాను" అంది ఫోనులో. స్నేహితురాలికి ఈ సాయంత్రంలోగా జవాబు చెప్పాలట. అక్కర ఉన్నవాడికే అక్క రాక విలువ తెలుస్తుంది. సైగలాయన మూడు నెలలుగా ఇంటి వెనక వసారాను అద్దాల గదిగా మార్పిస్తున్నారు.

ఇల్లు పాతది. వెనక వసారా, దాని ముందు గజం వెడల్పు తోట, ఆపైన జనం నడిచే సముద్రపు దారి. అక్కడి గాలిలో ఉప్పెంతో తుప్పంత. పాత ఇనుప గ్రిల్లును మేస్త్రీ వేలితో పొడిస్తే బిస్కెట్టులా రాలింది. "ఇనుము మాట మర్చిపోండి సార్. అల్యూమినియం చట్రాలు, స్టీలు మేకులు, రెండు పొరల అద్దం" అన్నాడు. తర్వాత మట్టం పెట్టి చూసి తల పట్టుకున్నాడు. "ఏ మూలా మూలలా లేదు సార్. ఈ గోడా ఆ గోడా మాట్లాడుకోవడం మానేసి చాలా ఏళ్ళయినట్టుంది." సైగలాయన బొటనవేలు ఎత్తారు. ఆ గోడల బాధ ఆయనకు కొత్త కాదు.

అనుకున్నట్టే ఎనిమిదింటికి తోట వైపు తలుపు బిగించడం అయింది. చుట్టూ సిలికాన్ జిగురు పూసి, బయటినుంచి అడ్డంగా టేపులు అతికించి, మేస్త్రీ వేలు చూపించి మరీ చెప్పాడు. "రేపు పొద్దున దాకా ఈ తలుపు గానీ, అద్దాలు గానీ కదపకండి సార్. పచ్చిగా ఉన్నప్పుడు కదిలిందా, రేపు వానకు నీళ్ళు లోపలికి, గాలి మీ అక్కగారి మోకాళ్ళలోకి."

మేస్త్రీ వెళ్ళాక సైగలాయన ఇంట్లోంచి కొత్త గదిలోకి అడుగు పెట్టి చుట్టూ చూసుకున్నారు. వెలుతురు నిండుగా ఉంది. గాలి చుక్క లేదు. సరిగ్గా అప్పుడే వీధి కిటికీలోంచి వచ్చిన గాలి, ఇక్కడ తనకు ప్రవేశం లేదని తెలిసి కోపమొచ్చినట్టు, వెనక ఉన్న పాత తలుపును ధడాలున మూసింది. ఇంటి వైపు గడియ టక్కున పడింది.

ఆ తలుపు ఒకప్పుడు ఇంటికి వెనక తలుపు. కాబట్టి గడియ, పిడి అన్నీ ఇంటి వైపే ఉన్నాయి. వసారా గది అయింది గానీ, గదిలోంచి ఇంట్లోకి రావడానికి తలుపుకు ఇటువైపు కూడా ఒక పిడి కావాలన్న తలపు మేస్త్రీకీ రాలేదు, యజమానికీ రాలేదు. ఫోను హాల్లో ఉంది. వీధి తలుపు అక్క కోసం గడియ వేయకుండా దగ్గరికి వేసి ఉంది, కానీ ఆ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. తోట వైపు తలుపు ముట్టుకోకూడదు. అద్దం పగలగొడితే అక్కకు చూపించడానికి మిగిలేది గాజుపెంకులు.

అరుద్దామని నోరు తెరిచారు. వాడుకలో లేని గొంతు, రెండు పొరల అద్దం, బయట సముద్రం. వచ్చిన కేక ఆయనకే సరిగ్గా వినబడలేదు. అద్దం మీద ఊపిరి ఊది రాద్దామంటే, ఎండకు ఆవిరి అక్షరం పడేలోగా ఎగిరిపోతోంది. ఇక మిగిలింది ఆయనకు వచ్చిన భాషే.

దారిలో ముందుగా వచ్చింది టైలరమ్మ. పొద్దస్తమానం మిషను మీద వంగి ఉండే మనిషి, నడుం పట్టుకుని నడుస్తోంది. సైగలాయన చెయ్యి పక్కకు చాచి ఊపారు. ఆగమని. ఆమె ఆగింది. వేలు పైకెత్తి గిరగిర తిప్పారు. గడియ ఎత్తమని. అరచేతులతో గాలిని నెట్టారు. తలుపు తోయమని.

టైలరమ్మ కాసేపు చూసింది. పదేళ్ళుగా పక్కచూపైనా చూడని మనిషి ఇవాళ ఇంత శ్రద్ధగా ఏదో చేసి చూపిస్తున్నాడు. చేయకపోతే బాగుండదనుకుంది. తనూ చెయ్యి చాచి ఊపింది. వేలు తిప్పింది. గాలిని నెట్టింది. నడుంలో ఎక్కడో టిక్కుమంది, మూడు నెలల నొప్పి సర్దుకుంది.

"ఏమండోయ్, ఇలా రండి" అని ఆమె మందుల షాపాయన్ను కేకేసింది. "నడుం నొప్పికట. ఉచితంగా నేర్పిస్తున్నారు."

"మా షాపు మూయించడానికా?" అంటూనే ఆయనా చేతులు చాచాడు.

పది దాటేసరికి తొమ్మిది మంది. సైగలాయన ఎంత గట్టిగా సైగ చేస్తే వాళ్ళు అంత గట్టిగా చేస్తున్నారు. విసుగొచ్చి చేతులు దింపితే వాళ్ళూ దింపి, లోతుగా ఊపిరి తీసుకున్నారు. తల పట్టుకుంటే మెడ వ్యాయామం అనుకున్నారు. పైసా వ్యయం లేని వ్యాయామం అని తెలిశాక జనం ఇంకా పెరిగారు. ఆయన వేలితో ఇంటి ముందు వైపు చూపించి, చుట్టూ తిరిగి రమ్మన్నారు. అందరూ ఉన్నచోటే గిర్రున తిరిగారు.

మధ్యాహ్నానికి గది కాగిన పెనమైంది. పెద్దమనుషులు తమను ఎవరు ఎండగడతారోనని భయపడి దాక్కుంటారు. ఈయన దగ్గరుండి మరీ తనను తాను ఎండగట్టించుకున్నారు. పనివాళ్ళు వదిలేసిన చెంబెడు నీళ్ళు తాగి, ఉండబట్టలేక చొక్కా విప్పారు. బయట మగవాళ్ళంతా మారు మాట్లాడకుండా చొక్కాలు విప్పారు. "అలా చెమట పట్టాలండీ. అప్పుడే ఒంట్లో ఉప్పు పోతుంది" అన్నాడు మందుల షాపాయన. జీవితంలో ఎవరి ముందూ చేయి చాచని మనిషి ఆ రోజు ఊరందరి ముందూ రెండు చేతులూ చాచారు.

ఒక్క నిజం మాత్రం చెప్పుకోవాలి. మధ్యలో ఒకసారి, తాను చెయ్యెత్తగానే ఇరవై చేతులు లేవడం చూసి, సైగలాయన గడియ సంగతి మర్చిపోయారు. రేవులో కూడా ఒకసారికి ఒక్క క్రేనే ఆయన మాట వినేది. వేలు ఊరికే ఇంకో రెండు సార్లు తిప్పి చూసుకున్నారు.

నాలుగింటికి అక్క వచ్చింది. వీధి గుమ్మం దగ్గర ఆటోని ఆపి ఉంచి, వెనక కోలాహలం వినబడి ఇంటి పక్కనుంచి సముద్రపు దారికి వచ్చింది. తమ్ముడిని చూసింది. చొక్కా లేకుండా, ఎర్రగా, ముప్ఫై మంది ముందు, అద్దాల వెనక.

ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. అక్క పెదాలు కదులుతున్నాయి గానీ మాట చేరడం లేదు. అవతల జరిగిన సంభాషణ ఇది.

"ఈయన రోజూ ఇలా చేయిస్తారా అమ్మా?"

"రోజూనండి" అంది, ఆ ఉదయమే చేరిన టైలరమ్మ. "మేమంతా ఈయన దగ్గర పాతవాళ్ళం. ఇదిగో, వీళ్ళంతా మధ్యాహ్నం నుంచి వచ్చిన కొత్తవాళ్ళు. మీరు కూడా చేరతారా? కీళ్ళకు చాలా మంచిది."

"వీడికి ఎవరూ లేరనుకున్నానే" అంది అక్క, తనలో తాను.

ఆమె అద్దం దగ్గరికి వచ్చి తమ్ముడిని తృప్తిగా చూసింది. నవ్వింది. చెయ్యెత్తి, వెళ్ళొస్తానన్నట్టు ఊపి, ఆటో వైపు తిరిగింది.

సైగలాయనకు ఇక మిగిలింది రేవులోని ఆ ఆఖరి సైగే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన ఆ సైగ నాలుగు సార్లే వాడారు, నాలుగు సార్లూ మనుషుల ప్రాణాలు నిలబడ్డాయి. రెండు చేతులూ పక్కలకు చాచి, అరచేతులు నేలకేసి, బలమంతా పెట్టి అటూ ఇటూ ఊపారు. ఆగు. ఉన్నపళాన ఆగు.

అక్క వెనక్కి తిరిగి చూసింది. వద్దు వద్దని చేతులూపుతున్న తమ్ముడు కనిపించాడు. అర్థమైందన్నట్టు తల ఊపి, ఇంకాస్త వేగంగా నడిచింది. వెనక ముప్ఫై మందీ ఆమెను సాగనంపుతున్నట్టు అదే సైగ చేశారు.

మరో గంటకు మేస్త్రీ మర్చిపోయిన మట్టం కోసం వచ్చాడు. వీధి తలుపు తోసుకుని లోపలికి వచ్చి గడియ తీశాడు. "లోపల ఇరుక్కుపోయారా సార్? ఒక్క కేకేస్తే సరిపోయేది కదా" అన్నాడు.

సైగలాయన హాల్లోకి పరుగెత్తి ఫోను అందుకున్నారు.

"చేరాను రా" అంది అక్క. గొంతు తేలిగ్గా ఉంది, ఏడాదిగా ఆయన విననంత తేలిగ్గా. "మేడ మీద గది బాగుంది. ఇక్కడే ఉంటానని దీనికి మాట ఇచ్చేశాను."

"అక్కా, అది వద్దని కాదు..."

"తెలుసులే, చెప్పక్కర్లేదు. నాకు నిద్ర పట్టనిది కీళ్ళ వల్ల కాదురా, నీ వల్ల. ఒక్కడివీ ఆ కొంపలో పలకరించే దిక్కు లేకుండా పడున్నావని బెంగ. నీకు తోడుగా రావాలనే గది అడిగాను. ఇవాళ కళ్ళారా చూశాక నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. అంతమంది ఉండగా నేనొచ్చి మధ్యలో కూర్చుంటే నీకు ఇబ్బంది కాదూ? అందుకే కదూ అలా చేతులూపావు."

సైగలాయన చెయ్యి తనంతట తనే పక్కకు చాచుకుని, అటూ ఇటూ ఊగింది. ఫోనుకు సైగలు కనబడవు.

"ఉన్నావా?"

"ఉన్నాను."

"వాళ్ళంతా నిజంగా రోజూ వస్తారా?"

దిగిన బరువును మళ్ళీ పైకెత్తించడం ఆయన వృత్తిలో లేని పని కాదు. కానీ వేలు లేవలేదు.

"రోజూ వస్తారక్కా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ వచ్చి టేపులు తీసి వెళ్ళాడు. అప్పటికే బయట పదిహేడు మంది నిలబడి ఉన్నారు. సైగలాయన రాత్రంతా ఒక వాక్యం సాధన చేసుకుని, ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ కడిగి పెట్టారు. తోట వైపు తలుపు బార్లా తెరిచి, గొంతు సవరించుకుని, ఆ వాక్యం పూర్తిగా పలికారు.

"లోపలికి రండి, అందరం కాఫీ తాగుదాం."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "లోపలికెందుకులెండి, ఇసుక కాళ్ళు" అంది టైలరమ్మ మర్యాదగా. "మీరు అక్కడే ఉండి చేయండి. అద్దంలోంచి అయితేనే మాకు స్పష్టంగా ఉంటుంది."

"కాస్త ఆ తలుపు కూడా వేసుకోండి మాస్టారూ" అన్నాడు మందుల షాపాయన. "రెక్క అడ్డొచ్చి వెనకవాళ్ళకు కనబడటం లేదు."

సైగలాయన బొటనవేలు ఎత్తి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ పూట బయట పదిహేడు మంది, లోపల ఒకరు.