కుర్చీ చేతుల మీద వేలిముద్రలు

"నా కంటికి దొరకని నేరస్థుడు ఈ కుందుర్పి మండలంలో ఇంకా పుట్టలేదక్కా. పుట్టింటే పురుడు నాడే పట్టుకోనుంటి."

అలా ప్రకటించి, ఈశ్వరప్ప నల్లకళ్లద్దాలతో గడప తట్టుకుని లోపలికొచ్చి పడ్డాడు.

యశోదమ్మ కంగారు పడలేదు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం నుంచి తమ్ముడు రిటైరై రెండేళ్లయింది. అప్పటినుంచీ వాడి కంటికి లోకంలో ప్రతి మనిషీ టికెట్ లేకుండా ఎక్కినవాడే.

"లేసి కూర్చోరా. పోతాండేది మాత్రలు, మనుషులు కాదు," అందామె.

ఆమె దిగులు ఆమెది. తొమ్మిది రోజుల కిందట ఆరోగ్య శిబిరంలో నర్సు ఎలిజబెత్ ముసలివాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని ఐదుసార్లు లేవమంది. అరవై ఎనిమిదేళ్ల యశోదమ్మ ఒకసారి లేచింది. రెండోసారి సగం లేచి కుర్చీలో కూలబడింది. నర్సు ఎముకల బలానికని రెండు నెలలకు సరిపడా విటమిన్ మాత్రలిచ్చి, నెలకు మళ్లీ వస్తానంది. పక్కనే ఉన్న కోడలు ప్రశాంతి అప్పుడే తేల్చేసింది.

"ఈ నడుముతో పాలు పిండేది చాలత్తా. వచ్చే పరీక్షలో లేస్తే సరి. లేకుంటే ఎనుమును సంతకు తోలేద్దాం."

ఈమధ్యే ఈనిన గేదె అది. యశోదమ్మ చెయ్యి తగిలితే తప్ప పాలు చేపదు. దాన్ని అమ్మితే ఇక తాను పొద్దున లేచి చేసే పనేముంది? అందుకే దేవుడి ప్రసాదంలా రోజుకో మాత్ర మింగుతోంది. కానీ తొమ్మిది మాత్రలు మింగితే అట్టలో పద్దెనిమిది ఖాళీలున్నాయి.

"తొమ్మిది మాత్రల బలం ఎవరి ఒంట్లోనో దాక్కోనుండాది," అని ఈశ్వరప్ప గొంతు తగ్గించాడు. "ఎవరికి బలం వచ్చిందో వాడే దొంగ."

ఈ తిరుగులేని సూత్రంతో ఇంట్లోవాళ్లను చెయ్యి వంచే పందేనికి పిలిచాడు. యశోదమ్మ మొగుడు ఎర్రన్న రెప్పపాటులో ఓడిపోయాడు.

"బావ నిర్దోషి," అని తీర్పు చెప్పాడు ఈశ్వరప్ప.

ప్రశాంతి ఒక చేత్తో సంగటి కెలుకుతూనే రెండో చేత్తో అతని చెయ్యి వంచేసింది. "ఈ చేతికి మాత్రలెందుకు మామా?" అంది. రెండు రోజులు ఈశ్వరప్ప ఎడమచేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు.

"మాత్రలు ఇంకోచోట పెట్టుకుంటా," అంది యశోదమ్మ.

"సాక్ష్యం కదిలిస్తే కేసు చస్తాదక్కా."

తర్వాత నేరస్థలాన్ని పరిశీలించాడు. మాత్రల గూడు కింద కుర్చీ ఉంది. దొంగ అందులో కూర్చుని, దాని చేతులు పట్టుకుని లేచి మాత్రలు తీసుంటాడని తేల్చి, వాటిమీద మొహం పౌడరు చల్లాడు.

"దొంగ యట్ల లేసినాడో నువ్వు చేసి చూపీ. చేతులు మాత్రం ఆనించొద్దు. వేలిముద్రలు చెడిపోతాయి."

"చేతులు ఆనించకుండా యట్ల లేచేదిరా?"

"అదే చూడాల నేను."

మొదటిరోజు ఆమె మూలుగుతూ రెండుసార్లు లేచింది. చాలలేదన్నాడు. పొద్దున పది, సాయంత్రం పది లెక్కన దొంగను నటింపజేశాడు. ఒకసారి పక్క నుంచి, ఒకసారి తలుపు దగ్గర నుంచి చూసి, "ఇంకొక్కసారి, ఈ మూల నుంచి చూడలేదు," అనేవాడు. యశోదమ్మ వాణ్ణి తిడుతూ లేచేది, తిడుతూ కూర్చునేది. రోజులు గడిచేకొద్దీ తిట్లు పెరిగాయి, మూలుగులు తగ్గాయి. ఆ తేడాను గొప్ప డిటెక్టివు గమనించలేదు.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం ఈశ్వరప్ప కొట్టంలో మేత చాటున నిఘా వేశాడు. ఎర్రన్న వచ్చి, ఎనుము ముందు బెల్లం ఉండ పెట్టి, నీళ్లకు పోయాడు. ఆకలితో ఉన్న నిఘా విభాగం చెయ్యి చాచి ఉండను నోట్లో వేసుకుంది.

కటుక్కుమంది.

"అక్కా, పరిగెత్తి రా. ఇది దొంగతనం కాదు, హత్య," అని అరిచాడు. అతని అరచేతిలో ఒక మనిషి పన్ను ఉంది. పక్కనే బెల్లం అంటిన తెల్ల మాత్ర.

యశోదమ్మ వచ్చి చూసింది. "నోరు తెరువు."

తెరిచాడు.

"ఆ పన్ను నీదేరా. పోయిన ఏడాది కట్టించుకున్నేది."

అప్పుడే బిందెతో తిరిగొచ్చిన ఎర్రన్న అక్కడే నిలబడిపోయాడు.

"ఈనినప్పట్నించీ ఇది లేస్తాంటే కాళ్లు వణుకుతాండె," అన్నాడు మెల్లగా. "ఎముకల్లో బలం తగ్గిందని పశువుల డాక్టరు చెప్పినాడు. నీకిచ్చినేదీ ఎముకలకే గదా. నువ్వు లేసినా అది లేయకుంటే నీకేం మిగుల్తాది?"

యశోదమ్మ ఆ మాత్రను తీసి ఎనుము నోటికి అందించింది.

మరునాడు ఎలిజబెత్ వచ్చింది. యశోదమ్మ చేతులు కట్టుకుని లేచింది. ఐదయ్యాయి. ఆగమని ఎవరూ చెప్పలేదు కాబట్టి పన్నెండు దాకా లేచింది. సంతకు తోలేందుకు విప్పి పట్టుకున్న ఎనుము పలుపును ప్రశాంతి తనే మళ్లీ కొయ్యకు కట్టేసింది.

"మాత్రలొక్కటే మింగితే ఇంత మార్పు రాదమ్మా. ఏం కసరత్తు చేసినారు?" అంది నర్సు.

"కసరత్తు గాదు సిస్టర్, నేరపరిశోధన," అన్నాడు ఈశ్వరప్ప, పన్ను లేని సందులోంచి గాలి పోతుంటే. "కేసు ముగిసింది."

"యాడ ముగిసింది?" అంది యశోదమ్మ. మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి లేవమంది. ఎర్రన్న సగం లేచి కూలబడ్డాడు.

ఆమె లోపలికి పోయి పౌడరు డబ్బా తెచ్చి, కుర్చీ చేతుల నిండా చల్లింది.

"దొంగ దొరికినాడు గదరా ఈశ్వరా. ఇంక విచారణ మొదలుపెట్టు. పొద్దున పది, సాయంత్రం పది."