మూడుసార్లు అడిగే బ్యానర్

హైమవతి కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన కుర్చీలో ఒక కొత్త మనిషి కూర్చుని, ఆమె రాత్రంతా ఏ వైపు తిరిగి పడుకుందో ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు.

ఆమె అరవబోయింది. అతను ఫోన్ పక్కన పెట్టి, లేచి నిలబడి నమస్కారం చేశాడు.

"నా పేరు నాగభూషణం అండీ. భాగస్వామిని. మీ అనుమతితోనే వచ్చాను. మీరు పడుకోండి, నాకేం ఇబ్బంది లేదు."

భీమవరంలో ఇందులో విడ్డూరమేమీ లేదు. వెబ్‌సైట్లను ఉచితంగా చదువుకోవాలంటే వాటికి ప్రకటనలు రావాలి. ప్రకటనలు ఇచ్చేవాళ్ళకు చదివే మనిషి సంగతులు కావాలి. పూర్వం ఆ సంగతుల్ని కుకీలనే చిన్న ఫైళ్ళు పోగుచేసేవి. ఇప్పుడు 'భాగస్వాములు' అనే పేరుతో మనుషులే వచ్చి ఇంట్లో కూర్చుంటున్నారు. వాళ్ళ కోసం టెంట్‌హౌస్‌వాళ్ళు విడిగా కుర్చీలు ఉంచుతున్నారు. భాగస్వాములు ఆ ఇంటి తిండి తినకూడదు, పెద్దగా దగ్గకూడదు, అడక్కుండా గడప దాటకూడదు. అందుకే ప్రతి వెబ్‌సైటూ ముందుగా ఒక బ్యానర్ చూపించి, సరేనా వద్దా అని చదివేవాళ్ళను అడిగి తీరాలి. అది చట్టం.

"నేను వద్దనే నొక్కానయ్యా," అంది హైమవతి.

"అవునండీ, మూడుసార్లు నొక్కారు. మాకు అందింది మాత్రం సరే అని."

వంటింట్లో ఒకావిడ కాఫీపొడి డబ్బా మూత తీసి వాసన చూస్తోంది. హాల్లో ఇద్దరు సోఫాకీ టీవీకీ మధ్య టేపు పట్టి కొలుస్తున్నారు. గుమ్మం దగ్గర ఒకతను నిచ్చెనెక్కి బోర్డు కడుతున్నాడు. దానిమీద వినికిడి యంత్రం బొమ్మ, కింద ఎర్రటి అక్షరాలు: 'చెవిలో హోరా? ఆలస్యం చేయకండి!'

ఆ బోర్డు చూడగానే హైమవతి చెయ్యి ఎడమ చెవి మీదికి వెళ్ళింది. ఆమె సంగీతం టీచరు. ఆమెకి ఎడమ చెవి కొన్నాళ్ళుగా సరిగ్గా వినపడటం లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. సాయంత్రం పిల్లలూ, వాళ్ళ తల్లులూ వచ్చేది ఆ గుమ్మంలోంచే. చెవి పోయిన టీచరు దగ్గర పాట నేర్పించే తల్లి ఆ ఊళ్ళో ఉండదు.

"ఆ బోర్డు దింపించు," అంది నాగభూషణంతో.

"నా చేతుల్లో లేదండీ. 'గోదారి ముచ్చట్లు' సైట్లో చెవి హోరుకి ఇంటి వైద్యం చదివారు కదా, దాని మీద వచ్చింది. అయినా పిల్లల చాపలన్నీ మీ కుడివైపే పరిచి ఉంచుకోవడం మంచి ఏర్పాటండీ. ఎవరికీ అనుమానం రాదు."

"ఇది ఇంకెవరికైనా చెబుతావా?"

నాగభూషణం నొచ్చుకున్నాడు. "ఛఛ, నేనెందుకు చెబుతానండీ. భాగస్వాములకి చెబుతాను, అంతే. వాళ్ళకీ భాగస్వాములుంటారు."

హైమవతికి కోపం రావలసింది. వచ్చింది కుతూహలం. తన వేలి కింద 'వద్దు'గా ఉన్న మాట దారిలో ఎక్కడ 'సరే'గా మారింది? ఆమె చీర మార్చుకుని స్కూటరు తీసింది. నాగభూషణం హెల్మెట్ పెట్టుకుని వెనక కూర్చున్నాడు. దారి పొడవునా ఫోన్లో చెబుతూనే ఉన్నాడు: "ఎడమపక్క నుంచి లారీ. హారన్ వినలేదు. అద్దంలో చూసి తప్పుకుంది. డ్రైవింగ్ బాగుంది."

'గోదారి ముచ్చట్లు' ఆఫీసు ఒక బట్టల కొట్టు మీద మేడగదిలో ఉంది. సైటు యజమాని సోమరాజు మెట్ల దాకా ఎదురొచ్చాడు.

"రండి రండి, ముందు టిఫిన్ చేద్దురుగాని."

"వద్దండీ. మీ బ్యానర్ చెడిపోయింది. నేను వద్దంటే సరే అని తీసుకుంది."

"అయ్యో! హైదరాబాదు కుర్రాళ్ళు చేశారండి దాన్ని. ఫోన్ చేసి కనుక్కుంటాను. ఒక్క పెసరట్టు."

"తినే వచ్చానండీ."

"ఆయ్, తినకుండా వస్తారేంటండీ, తినే వస్తారు. సగం వేసుకోండి."

"నిజంగా వద్దు."

"మొహమాటపడకండి."

హైమవతి మాట పూర్తయ్యేలోగా ప్లేటు ఆమె చేతిలో ఉంది. ప్లేటులో ఉప్మా పెసరట్టు నిండుగా ఉంది, సగం కాదు. తినకపోతే బాగోదని ఆమె ఒక ముక్క తుంచింది. నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"రాజుగారూ, ఆ బ్యానర్ మొదటిసారి వద్దంటే ఏమంటుంది?"

సోమరాజు పచ్చడి గిన్నెలో గరిటె కలుపుతూ ఉండిపోయాడు. జవాబు నాగభూషణం ఇచ్చాడు. "'అలాగంటే ఎలాగండీ' అంటుంది. రెండోసారికి 'మీరు మరీనూ' అంటుంది. మూడోసారికి ఏమీ అనదు. మమ్మల్ని మీ ఇంటికి పంపించేస్తుంది."

"ఇది హైదరాబాదు కుర్రాళ్ళకి తెలిసిన పద్ధతి కాదు," అంది హైమవతి.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. శిష్యురాలి తల్లి సుభద్ర. హైమవతి కుడిచెవికి ఆనించుకుంది.

"టీచర్‌గారూ, మా ఇంట్లో కూర్చునే ఆవిడ పొద్దున్న చెప్పిందండీ, మీ చెవి సంగతి. పాపం, ఎలా ఉన్నారు? అదీ... పాపకి పరీక్షలు కదా, కొన్నాళ్ళు మానిపిద్దామని. ఏమీ అనుకోరు కదా?"

హైమవతి ఒకసారి ఊపిరి తీసుకుంది. "పరవాలేదండీ," అంది.

"మిగతా వాళ్ళు కూడా అదే అనుకుంటున్నారండీ. అందరి తరఫునా నన్ను చెప్పమన్నారు."

"పరవాలేదు."

ఫోన్ పెట్టేసింది. నాగభూషణం తన ఫోన్లో మెల్లిగా, "పరవాలేదంది. రెండుసార్లు," అని చెప్పాడు. హైమవతి ప్లేటు బల్ల మీద పెట్టి, సోమరాజు కళ్ళలోకి చూసింది.

"ఎవరు మార్చారండీ?"

సోమరాజు చేతులు తుడుచుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నేనేనండీ. ఆ కుర్రాళ్ళకేం సంబంధం లేదు. వాళ్ళు రెండు బటన్లూ ఒకే సైజులో చేసిచ్చారు. సరే అంటే సరే, వద్దంటే వద్దు. అలాగే పెట్టాను. ఊళ్ళో అందరూ వద్దు నొక్కారండీ. ప్రకటనలు ఆగిపోయాయి. సైటు మూసేద్దామనుకుని కూర్చుంటే, మా ఇంట్లో భోజనాలు గుర్తొచ్చాయి. వద్దన్నవాడికి వడ్డించకుండా వదిలేస్తే అది మనకి అవమానం కదండీ. మూడుసార్లు అడిగితే మర్యాద. నాలుగోసారి అడగం, వేసేస్తాం. అదే పెట్టించాను. ఒక్కరు కూడా వచ్చి ఇదేంటని అడగలేదండీ. మీరే మొదలు. ఇందాక ఆవిడతో పరవాలేదన్నారు. పరవాలేదా మీకు? నాకెలా తెలుస్తుంది, ఆ బ్యానర్‌కెలా తెలుస్తుంది? ఇంకో మాట కూడా చెబుతాను, చెప్పేస్తే నయం. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదండీ. మా అక్కకి పెళ్ళిచూపులైన రోజు అడిగాం. వద్దంది. సిగ్గన్నాం. మళ్ళీ అడిగాం. వద్దంది. చిన్నపిల్ల, భయపడుతోందన్నాం. మూడోసారి తల దించుకుని ఊరుకుంది. అందరం లేచి మిఠాయి పంచుకున్నాం. పళ్ళెం పట్టుకుని తిరిగింది నేనే. ఇప్పుడు ఎప్పుడడిగినా బాగానే ఉన్నానంటుందండీ. మేం ఆ మాటని కూడా సరే కిందే వేసుకున్నాం."