నా ఫిన్లాండ్ హోంవర్కు

తుంగభద్ర పొంగి మా పక్కనున్న రాజోలి ఊరిని ముంచిన వరదకు పదహారో ఏడు. ఆ ఏడే మా గద్వాలకు ఫిన్లాండ్ చదువు వచ్చింది.

నన్నడిగితే వరద కన్నా ఇదే నయం. వరద ఇంట్లో ఉన్నది తీసుకుపోతుంది. ఫిన్లాండ్ లేనిది తెమ్మంటుంది.

మా మనవరాలు వైష్ణవికి ఐదేళ్లు. దాని బడిలో పలక లేదు, పరీక్ష లేదు, బెత్తం లేదు. పిల్లలు ఆడుకుంటూ నేర్చుకుంటారట. ఇంతకన్నా ఏం కావాలి? మూడో తరగతిలో బడి మానేసి నేను చదివిందీ ఈ పద్ధతిలోనే. అప్పుడు దాన్ని ఆవారా తిరగడం అనేవాళ్లు. ఇది ఫిన్లాండ్ అని చెప్పే దిక్కులేక మా నాయన చేత దెబ్బలు తిన్నాను.

ఇంకో గొప్ప వినండి. పిల్లకు హోంవర్కు లేదు. ఉన్నదంతా ఇంటిల్లిపాదికి!

సోమవారం పది రకాల ఎండుటాకులు. మంగళవారం అట్టముక్కలతో మంచు ఇల్లు. గద్వాల ఉక్కలో చెమటలు కక్కుతూ కట్టాను. మా కోడలు రాజేశ్వరి మగ్గానికి నూలు కండెలు చుట్టడం ఆపి, ఆ మంచు ఇంటి ముందు నిలబెట్టే ఎలుగుబంటికి దూది అంటించింది. ముసలితనంలో చదువు మీద నాకింత శ్రద్ధ పుట్టించిన విధానాన్ని మెచ్చుకోవద్దా?

మరి వైష్ణవి? బడిలో చేరకముందు సాయంత్రమైతే మగ్గం గుంత గట్టు మీద కూర్చుని కాళ్లూపుతూ నాతో ముచ్చట పెట్టేది. ఇప్పుడు తీరిక ఎవరికుంది? ముట్టుకుంటే దూది ఊడుతుందని దూరంగా కూర్చోబెట్టాం. పిల్లే కేంద్రం అన్నారు కదా. నడిమధ్య దాన్ని పెట్టి చుట్టూ మేం పనిచేశాం.

బుధవారం నా పంట పండింది. రంగు కాగితం పట్టీలతో చాప అల్లుకురావాలి.

"గిది మీ పనే మామా, జర కూసోండ్రి" అంది కోడలు.

యాభై ఏళ్లుగా గద్వాల చీర నేస్తున్నవాణ్ణి. ఒకే పట్టీని ఈ కొస నుంచి ఆ కొసకు లాగి ఊరుకుంటానా? మా చీరలో నడుమంతా నూలు, అంచు పట్టు. రెండూ వేరుగా నడుస్తూ వరుస వరుసకూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కాగితాన్నీ అట్లే నేశాను. చాయ్ వేళ మొదలుపెడితే బువ్వవేళ అయింది.

గురువారం వైష్ణవి టీచరు సుహాసిని మేడం బడికి పిలిచింది. అక్కడ మార్కులుండవు, నవ్వుముఖం స్మైలీలే. మూడింటికి నాకొచ్చింది ఒక్కటి.

"అంచు ఊడిపోతే అతికిచ్చిండ్రా, పెద్దయ్యా?"

"అతకలే. నేసిన."

"పోనీ తియ్యండ్రి. వైష్ణవి ఎవ్వరితోని ఆడుతలేదు. ఏ ఆట ఇష్టమంటే ఏం చెప్పిందో ఆమెనే అడగండ్రి."

"మగ్గం గట్టు మీద కూసునే ఆట" అంది వైష్ణవి. "తాత కూసోనిస్తలేడు. నా హోంవర్కు చేసుకుంటుండు."

మేడం ఆ మాట రాసుకుంది. ఆమె కాగితంలో దానికీ ఒక గడి ఉంది.

మర్నాడు పొద్దున బడి ఆటో వచ్చి హారన్ కొట్టింది. వైష్ణవిని మగ్గం గట్టు మీద కూర్చోబెట్టి, ఆడుకోమని పోగును అటూ ఇటూ నడిపే నాడె ఒకటి, ఖాళీది, చేతికిచ్చాను. దాని బ్యాగు నా భుజానికి తగిలించుకుని, నేనే ఆటో ఎక్కాను.

ఇంకా రెండు స్మైలీలు రావాలి నాకు.