పానకాలు ఆరోగ్యంపై గ్రామ వాంగ్మూలం

మార్టూరుకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక ఊరుంది. పేరు అనవసరం. ఆ ఊరివాళ్ళు అబద్ధం చెప్పరు. అడిగేవాడు దేనికోసం అడుగుతున్నాడో ఊహించి, దానికి తగిన మాట చెబుతారు. అంతే.

ఎవరైనా మెడలో కార్డు వేలాడేసుకుని, చేతిలో ట్యాబు పట్టుకుని, మోటారు సైకిలు దిగి, "ఫలానాయన పరిస్థితి ఎట్లా ఉంటుందండీ?" అని అడిగాడనుకోండి. ఏమీ బాగాలేదని చెప్పడం అక్కడి మర్యాద. పొలం ఉందా అంటే లేదు. ఇల్లు ఉందా అంటే అది రేపో మాపో పడిపోతుంది. ఆరోగ్యం ఎట్లా ఉందంటే ముందు ఒక నిట్టూర్పు, ఆ తర్వాత వివరాలు. ఈ మర్యాద వల్ల ఆ ఊరు కాగితాల మీద చాలా దీనంగా ఉంటుంది. ఒంటరి మహిళల పింఛనుకు పేర్లు రాసుకునే రోజున ఆ మహిళల కోసం వరసలో చోటు పట్టి ఉంచింది వాళ్ళ భర్తలే.

అంకమ్మరావుకు రెండు చెవులూ వినపడవు. నూటికి ఎనభై పాళ్ళు పోయాయని ధ్రువపత్రం ఉంది, దాని మీద పింఛనూ ఉంది. రోజూ పొద్దున్నే గుంటూరు మిర్చి యార్డుకు ఫోను చేసి, ఆనాటి ధర కనుక్కుని ఊరికి చెప్పేది ఆయనే. నాలుగేళ్ళ కిందట విచారణకు వచ్చిన అధికారితో, "చెవి పక్కన టపాకాయ పేల్చినా తల తిప్పడండీ" అని చెప్పి సంతకం పెట్టినవాడు పానకాలు. ఆ మేలు అంకమ్మరావు మరచిపోలేదు. ఈ కథలో జరిగిన నష్టమంతా ఆ కృతజ్ఞత వల్లే జరిగింది.

పానకాలుకు యాభై నాలుగేళ్ళు. మూడెకరాలు కౌలుకు చేస్తూ మిరప వేస్తాడు. భార్య పేరమ్మ పోయి మూడేళ్ళు కావస్తోంది. ఆమె పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. చిన్న ఆపరేషన్ చాలన్నారు. "కాయ కోతలయ్యాక చూద్దాంలే" అంది ఆమె. "సరే" అన్నాడు ఆయన. కోతలయ్యాయి. కాయ ఇంకా కళ్ళంలో ఆరుతుండగానే ఒక రాయి నాళంలో అడ్డం పడి, ఒళ్ళంతా విషం పాకి ఆమె పోయింది. ఆ ఏడు ధర బాగా పలికింది.

దినవారాలు కాగానే పానకాలు చేసిన మొదటి పని ఆరోగ్య బీమా తీసుకోవడం. శతమానం ఆరోగ్య బీమా సంస్థ వారి పాలసీ. నలభై ఎనిమిది పేజీలు, అన్నీ ఇంగ్లీషులో. అట్ట మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ ఒకటి ఉంది. అది మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. నాలుగు మూలలా పసుపు రాసి దాన్ని పేరమ్మ ఫోటో వెనక పెట్టాడు. అంతకుముందు ఇంటికి తెల్లకార్డూ, దాంతోపాటు ఉచిత వైద్యమూ ఉండేవి. చీమకుర్తిలో గ్రానైటు ఫ్యాక్టరీ గుమాస్తాగా ఉన్న కొడుకు శివనాగరాజు, బ్యాంకు లోను కోసం ఒక్కసారి ఆదాయపు పన్ను కాగితం దాఖలు చేశాడు. అందులో కట్టవలసిన పన్ను సున్నా. సున్నా కట్టినా కట్టినవాడు కట్టినవాడేనని తేలింది. కార్డు పోయింది.

కార్తీక మాసంలో ఒకరోజు మందు కొట్టే డబ్బా వీపు మీంచి దించుతుండగా పానకాలు గజ్జల దగ్గర ఏదో జారినట్టయింది. వారానికి నిమ్మకాయంత వాపు తేలింది. ఈసారి ఆయన కోతలదాకా ఆగలేదు. కొడుకును వెంటబెట్టుకుని ఒంగోలులో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాడు.

"హెర్నియా. పేగు జారింది" అన్నాడు డాక్టరు. "చిన్న ఆపరేషన్. అరగంట. మర్నాడు ఇంటికెళ్ళిపోవచ్చు. అప్పటిదాకా బరువులెత్తకండి. పేగు ఇరుక్కుందంటే ప్రాణం మీదికొస్తుంది."

చిన్న ఆపరేషన్ అన్న మాట పానకాలు అంతకుముందొకసారి విన్నాడు. "ఎప్పుడు చేస్తారండీ?"

"రేపైనా చేస్తాను."

"రేపే చెయ్యండి."

కాని రేపు అనేది డాక్టరు చేతిలో ఉండదు. అది కింద, మెట్ల పక్క గదిలో, బీమా కౌంటరులో ఉంటుంది. అక్కడ భానుశ్రీ అనే అమ్మాయి కూర్చుని, పధ్నాలుగు పేజీల దరఖాస్తు చాలా ఓపిగ్గా నింపింది.

"మీ నాన్నగారు దేంతో పోయారండీ?"

"చీమకుర్తి లారీతో."

ఆమె కాసేపు ఆలోచించి, వంశపారంపర్యం కాదు అని రాసుకుంది.

"ఈ వాపు ఎన్నాళ్ళనుంచి?"

"పోయిన నెల, మందు డబ్బా దించిన కాడ్నించి."

ఈ కథలో ఒక మనిషి నిజం చెప్పిన సందర్భాలు రెండు. ఇది మొదటిది. పానకాలు మంచివాడై చెప్పలేదు. ఇక్కడ ఏం చెప్పాలో ఎవరూ చెప్పి పంపలేదు కాబట్టి చెప్పాడు.

ఆపరేషనుకు సన్నాహాలు శాస్త్రీయంగా జరిగాయి. రాత్రి ఎనిమిది తర్వాత మంచినీళ్ళు కూడా తాగవద్దన్నారు. తాగలేదు. తెల్లవారగానే క్షవరం చేయవలసిన చోట చేసి, ఆకుపచ్చ గౌను తొడిగారు. అది వెనకవైపు కట్టుకునే గౌను. కట్టుకునే తాళ్ళు మాత్రం లేవు. మధ్యాహ్నం రెండింటికి భానుశ్రీ వచ్చి, అనుమతి ఇంకా రాలేదని, భోజనం చేయవచ్చని చెప్పింది. రెండో రోజూ అంతే. మూడో రోజు అనుమతి రాకపోగా, రక్తపరీక్షలకు గడువు దాటిందని మళ్ళీ రక్తం తీశారు. మూడు రోజుల పస్తు వల్ల రక్తంలో చక్కెర తగ్గిందని తేలింది. దానికి కారణం కనుక్కోవడానికి ఇంకో పరీక్ష రాశారు.

నాలుగో రోజు పొద్దున పానకాలు గౌనులో వెనక చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉండగా, బీమా సంస్థ వారి విచారణాధికారి చైతన్యకృష్ణ మోటారు సైకిలు మీద ఆ ఊళ్ళో దిగాడు. మెడలో కార్డు ఉంది. చేతిలో ట్యాబు ఉంది. బాలస్వామి టీ కొట్టు ముందు ఆగి, "పానకాలు గారి ఆరోగ్యం ఎట్లా ఉంటుందండీ?" అని అడిగాడు.

బల్ల మీద కూర్చున్న అంకమ్మరావుకు ఆ మాట స్పష్టంగా వినపడింది. గ్లాసు పక్కన పెట్టి లేచాడు. నిట్టూర్చాడు.

"ఏం ఆరోగ్యమండీ! పేగు జారి పదిహేనేళ్ళయింది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. ఆయనది బతుకంటారా?"

"పదిహేనేళ్ళా?" అన్నాడు చైతన్యకృష్ణ.

ఆ అబ్బాయి ఆశ్చర్యాన్ని అనుమానంగా పొరబడి బాలస్వామి అందుకున్నాడు. "ఇరవై అనుకోండి. నేను కొట్టు పెట్టిన రోజున మొదటి టీ తాగింది ఆయనే. అప్పుడే పొత్తికడుపు పట్టుకుని తాగాడు."

తర్వాత ఊరంతా పోగయింది. ఒకరు కుడివైపు అన్నారు, ఒకరు రెండువైపులా అన్నారు. పెళ్ళినాడు పీటల మీదే నొప్పి వచ్చి పంతులు గారు మంత్రాలు ఆపారని ఒకాయనకు గుర్తొచ్చింది. పక్కింటి వీరమ్మ ఒక్కతే అడ్డుపడింది. "వాడికేం రోగంరా, రాయిలాగుంటేను! మొన్న దసరాలకి నా గేదె గుంటలో పడితే ఒక్కడే లాగాడు గదరా!"

ఇది రెండో సందర్భం.

"ముసలావిడకు మతి సరిగ్గా ఉండదండీ" అన్నాడు బాలస్వామి. "ఆమెకు కూడా ఏమన్నా ఉంటే రాయండి."

చైతన్యకృష్ణ ఎనిమిదేళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నాడు. మామూలుగా ఊళ్ళోవాళ్ళు నోరు విప్పరు, బంధువులు కర్రలు తీస్తారు. ఇక్కడ అడక్కుండానే పదకొండు సంతకాలు, ఆరు వేలిముద్రలు, ఒక వీడియో వచ్చాయి. టీ డబ్బులు కూడా తీసుకోలేదు. అతని కళ్ళు చెమర్చాయి.

అంకమ్మరావు వెంటనే ఫోను చేశాడు. "ఒరేయ్ బావా, నీ పింఛను ఖాయంరా! ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. పదిహేనేళ్ళని రాయించా."

"ఏ పింఛనురా?" అన్నాడు పానకాలు.

ఆ ప్రశ్నకు జవాబు సాయంత్రం భానుశ్రీ తెచ్చింది. పదిహేనేళ్ళుగా ఉన్న వ్యాధిని దాచి పాలసీ తీసుకున్నట్టు గ్రామస్థులు ఏకగ్రీవంగా ధ్రువీకరించారు. అయినా సంస్థ మానవతా దృక్పథంతో పాలసీని రద్దు చేయడం లేదు. పాత వ్యాధులకు పాలసీ మూడేళ్ళు నిండాలి. ఏప్రిల్ నెలలో నిండుతాయి.

"అంటే ఎప్పుడమ్మా?" అన్నాడు పానకాలు.

కొడుకు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి, తల దించుకున్నాడు. పానకాలే అన్నాడు: "కాయ కోతలయ్యాక."

ఆ రాత్రి ఇంటికి వచ్చి, పేరమ్మ ఫోటో వెనకనుంచి పాలసీ తీసి, ఫోటో ముందు పెట్టాడు. ఆమెకు కూడా చదవడం రాదు.

మర్నాడు టీ కొట్టు దగ్గర పానకాలు వెళ్ళి అంకమ్మరావు చొక్కా పట్టుకున్నాడు. "చంపావు గదరా బావా!"

"నాకేం తెలుసురా? ఆ అబ్బాయి అచ్చం పింఛను ఆయన మాదిరే ఉన్నాడు. మెళ్ళో కార్డు తాడు కూడా నీలం తాడే."

శివనాగరాజు అప్పీలు పెట్టాడు. జనవరి ఆఖరున మళ్ళీ విచారణకు వస్తామని జవాబు వచ్చింది. ముందు రోజు ఊరు సమావేశమైంది. అంకమ్మరావు బల్ల ఎక్కి మాట్లాడాడు.

"గ్రామస్థులారా! మనం ఇన్నాళ్ళూ ఒక మనిషిని రోగిష్టిగా చూపించడంలో జిల్లాకే ఆదర్శంగా నిలిచాం. రేపు అదే ఐకమత్యంతో ఒక మనిషిని ఆరోగ్యవంతుడిగా చూపించాలి. ఇది మనకు కొత్త. కష్టం. అయినా పానకాలు మనవాడు. ఎవరూ నిట్టూర్చకూడదు. అలవాటున్నవాళ్ళు రేపు పొలం పోండి."

చప్పట్లు మోగాయి. వీరమ్మ ఒక్కతే, "మొన్న నేను చెప్పింది అదేగదరా" అంది. సమావేశ క్రమశిక్షణ దృష్ట్యా ఆమెను ఇంటికి పంపారు.

మర్నాడు చైతన్యకృష్ణ వచ్చేసరికి పానకాలును కొత్త పంచె కట్టించి కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఇంతకుముందు ఆరోగ్యం ఎట్లా ఉండేదండీ?"

"ఏనుగండీ" అన్నాడు బాలస్వామి.

"మొన్న ఇరవై ఏళ్ళన్నారు కదండీ?"

బాలస్వామి టీ మరుగుతోందేమో చూడటానికి లోపలికి వెళ్ళాడు. చైతన్యకృష్ణ ట్యాబు ఎత్తి వీడియో మొదలుపెట్టాడు. అంకమ్మరావు అటూ ఇటూ చూశాడు. యార్డుకు వెళ్ళవలసిన ఆయన తొలికోత కాయ, బస్తాలకెత్తి కుట్టిన టిక్కీలు, రోడ్డు పక్కన వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటి నలభై కిలోలు.

"మాటలెందుకండీ, మీ కళ్ళతో మీరే చూడండి. ఒరేయ్ బావా, ఆ టిక్కీ ఎత్తరా!"

"అక్కర్లేదండీ" అన్నాడు చైతన్యకృష్ణ. కాని ట్యాబు దించలేదు.

డాక్టరు చెప్పింది పానకాలుకు గుర్తుంది. ఊరు చూస్తోంది. ట్యాబు చూస్తోంది. ఎత్తకపోతే ఏప్రిల్ దాకా ఆగాలి. ఒకసారి ఆగిన ఇల్లు అది. లేచాడు. పంచె ఎగ్గట్టాడు. టిక్కీని మోకాలి మీదికి, మోకాలి మీంచి భుజం మీదికి ఎత్తాడు. ఊరు ఈలలు వేసింది. చైతన్యకృష్ణ సంతృప్తిగా వీడియో ఆపి, ట్యాబు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పానకాలు టిక్కీ దించి కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

పేగు ఇరుక్కుంది. అంబులెన్సు వచ్చింది. ఒంగోలు చేరేలోగా శివనాగరాజు చేను మీదున్న కాయంతా ఒక వ్యాపారికి, అతను చెప్పిన ధరకు, గుత్తగా ఇచ్చేశాడు. ఆపరేషను అరగంటలో కాలేదు. నాలుగు గంటలు పట్టింది. జానెడు పేగు తీసేశారు. మనిషి బతికాడు.

సంస్థ వారి తుది నిర్ణయం అయిదో రోజున వచ్చింది. మొదటి విచారణ ప్రకారం వ్యాధి పదిహేనేళ్ళ నాటిది కనుక చెల్లింపు కుదరదు. రెండో విచారణ ప్రకారం రోగి నలభై కిలోలు అవలీలగా ఎత్తుతున్నాడు, వ్యాధే లేదు కనుక చెల్లింపు కుదరదు. రెండూ గ్రామస్థుల సమక్షంలో నిర్ధారణ అయినవే. వీడియోలు జత చేయడమైనది. గ్రామ సహకారానికి ధన్యవాదాలు.

భానుశ్రీ చదివి వినిపించింది. పానకాలు విన్నాడు. ఇక కోతలయ్యాక అనడానికి ఆయనకు చేను మీద కాయ లేదు.

ఆ సాయంత్రం వార్డులోకి ఒక కుర్రాడు వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు. తాడు నీలమే. పక్క మంచం మీద కనిగిరి ఆయన ఒకడు మత్తులో ఉన్నాడు. కుర్రాడు పానకాలు వైపు వంగి, "వీరి పరిస్థితి ఎన్నాళ్ళనుంచి ఇట్లా ఉందండీ?" అని అడిగాడు.

"ముందు నువ్వేం శాఖో చెప్పు నాయనా" అన్నాడు పానకాలు.

"అది మీకెందుకండీ. మీరు చూసింది చెప్పండి."

పానకాలు చూసింది చాలా ఉంది. దాంతో ఎవరికైనా మేలు జరిగినట్టు మాత్రం ఆయన చూడలేదు. చెవి మీద చెయ్యి పెట్టుకుని, "నాకు రెండు చెవులూ వినపడవు నాయనా" అన్నాడు.

కుర్రాడు జాలిపడ్డాడు. గొంతు తగ్గించి, "పింఛను వస్తోందా?" అన్నాడు.

"ఇంకా ఎవరూ రాయలేదండీ" అన్నాడు పానకాలు.

కుర్రాడు కొత్త పేజీ తెరిచి, సాక్షులు కావాలన్నాడు. వార్డులో ఇరవై రెండు మంచాలున్నాయి. ఆయన్ను అంతకుముందు ఎరిగినవాడు వాటి మీద ఒక్కడూ లేడు. అందరూ వేలిముద్రకు చేతులు చాపారు. సెలైను ఎక్కుతున్నవాళ్ళు రెండో చెయ్యి చాపారు.