ముక్కు మీది పొట్టుతో రంగుల మేస్త్రి సాగించిన మహాసంగ్రామం

నెమ్మదిగా రాసుకోవే మనవరాలా, అసలు యుద్ధం ఇక్కడి నుంచే. పడమటి దిక్కు ఎర్రబారి, కిటికీ అద్దాలు కెంపుల్లా ప్రజ్వరిల్లుతున్న సాయంసమయంలో, మూడో అంతస్తులోని ఇరుకు స్నానాలగదిలో, శతసౌధలేపన ధురంధరుడు, నిచ్చెనారోహణ నిర్భయుడు, గీకుడురేకు చేతబట్టిన క్షణాన పాతగోడలను గడగడలాడించేవాడు అయిన రంగుల మేస్త్రి, అనగా మీ చిన్నమామయ్య, భార్య మొహానికి రాసుకునేందుకు దాచుకున్న రెండు సీసాల ముందు నిలిచి మీసం దువ్వాడు. వారం తిరిగితే కూతురి బడిలో తల్లిదండ్రుల సభ. "నాన్నా, నీ మొహం బీటలువారిన మన మెట్ల గోడలాగుంది" అని ఆ పిల్ల అన్న మాట వీరుని గుండెలో బాణమై దిగబడి ఉంది.

"గోడకైనా మొహానికైనా లెక్క ఒకటే," అని ఆయన అద్దానికి ఉద్ఘోషించాడు. "ముందు గీకాలి, ఆనక రెండు కోటింగులు కొట్టాలి. ఇంత సర్వీసున్న నాకు ఈ బొటనవేలంత సీసా పని నేర్పుతుందా?"

అని, మృతచర్మవిదారకమైన యాసిడ్ నీళ్లతో ముఖమండలాన్ని తుడిచి, ఆ చురుకు తగ్గకముందే ముడతల పాలిటి మృత్యువైన రెటినాల్‌ను దట్టంగా పూసి, ఆరాక మళ్లీ పూశాడు.

తెల్లవారేసరికి ముఖసామ్రాజ్యం తగలబడింది. చెంపలు నిప్పులయ్యాయి, నుదురు పెచ్చులూడింది, నాసికాశిఖరాగ్రాన చర్మపు పొట్టు ఒకటి శత్రుపతాకలా రెపరెపలాడింది.

కూతురు చూసి, "ఇలా వస్తే నీ పక్కన కూర్చోను. అమ్మ వస్తుందిలే" అంది. నిచ్చెన మీంచి పడినా మూలగని మేస్త్రికి కళ్లు చెమర్చాయి. ఆ ఉప్పునీటికి చెంపలు మళ్లీ భగ్గుమన్నాయి.

భార్య అతణ్ణి కుర్చీలో కూలేసింది. "ఆ రెండూ ఒకే పూట ఎవరైనా పూస్తారా? నేనైతే రెటినాల్ వారానికి రెండు రాత్రులే రాస్తాను, అదీ బఠాణీ గింజంత. ముందు చెవి వెనక రాసి, ఎర్రబడలేదని చూసుకున్నాకే మొహానికి. ఇక మీరు ఆ సీసాలు ముట్టొద్దు. వాసన లేని క్రీము, పగలు సన్‌స్క్రీను. అంతే."

"మరి ఈ పొట్టో?"

"లాగారంటే పుండవుతుంది. దానంతటదే రాలాలి."

అప్పుడు మొదలైంది ఘోరసంగ్రామం. పెచ్చు కనబడితే గీకకుండా ఉండలేని ఆ దక్షిణహస్తం పనిలో, బస్సులో, కునుకులో సైతం ముక్కు మీదికి దండెత్తగా, వామహస్తం దాని మణికట్టు పట్టి నిలువరించింది. తోటి పనివాడు, "అన్నా, నేను లాగెయ్యనా, ఒక్కసారి?" అని ఆశగా అడిగాడు.

"దగ్గరికొచ్చావంటే రంగు డబ్బాలో ముంచుతా," అని వీరుడు గర్జించాడు.

సభ నాటి పొద్దున, క్రీము రాస్తుండగా, పొట్టు తనంతట తానే రాలి బేసిన్‌లో పడింది. దాని కింద లేత చర్మం, మచ్చ లేదు. ముడతలు మాత్రం ఒక్కటీ తగ్గక యథాస్థానాల్లో కొలువుదీరి ఉన్నాయి.

బడిలో కూతురు ఆయన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "పాత మొహమే వచ్చేసిందిగా. సరే, కూర్చో," అని పక్క కుర్చీ లాగింది. సకలదిగంత వీరులారా, వినండి: మేస్త్రి తన ముఖాన్ని, తనకు ముందునుంచీ ఉన్నదాన్నే, ఉన్నది ఉన్నట్టుగా జయించి తెచ్చుకున్నాడు.

ఇది మీ నాన్నకు చదివి వినిపించవే. ఆయన కూడా నిన్న అలాంటి సీసాలే రెండు కొన్నాడట. మామనైన నేను చెబితే అల్లుడికి రోషమొస్తుంది. నువ్వు చదివితే వింటాడు.