కర్నల్ గారి అసలు చీటీ

ఏడుపు, కాగితం చింపక ముందు రావాలా, చింపిన తరవాతా? కిందటి రెండు ఊళ్లలోనూ తరవాతే వచ్చింది. కర్నల్ గారికి నచ్చలేదు.

"ముందు కన్నీళ్లురా! కాగితం తడవడం జనానికి కనబడాలి. అప్పుడు చింపు," అని వరండాలో రెండుసార్లు చేయించి చూశారు.

ప్రిమస్ వేదిక పక్కన టోపీ చేత్తో పట్టుకుని ఇదే ఆలోచిస్తున్నాడు. దొరల ముందు బానిస టోపీ చేతిలోనే ఉండాలి. నలభై ఏళ్లుగా అతని టోపీకి నెత్తికంటే చెయ్యే ఎక్కువ అలవాటు.

వేదిక మీద కర్నల్ టోలివర్ అమెరికా దక్షిణాదిలోని జార్జియా రాష్ట్ర భవిష్యత్తు వివరిస్తున్నారు. ఉత్తరాదితో తెగతెంపులు చేసుకునే మహాసభకు ఆయన అభ్యర్థి. ఏ యుద్ధమూ చూడని కర్నల్ కాబట్టి, రాబోయే యుద్ధం మీద ఆయనకు అపారమైన నమ్మకం.

"ఉత్తరాది సరుకు మనకక్కర్లేదు!" అని ఉత్తరాదిలో చేసిన బల్లను ఉత్తరాదిలో చేసిన చేతికర్రతో బాదారు. ఒక్క బానిస కూడా లేని చిన్న రైతులు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

"మనం కుటుంబాలను విడదీస్తామట! నేను ఒక్క మనిషినైనా అమ్మానా?"

నిజమే. ప్రిమస్ భార్య విన్నీని ఆయన అమ్మలేదు. కూతురి పెళ్లికి కానుకగా సవానా పట్నం పంపారు. రెండేళ్లయింది. విన్నీ నవ్వు ప్రిమస్‌కు గుర్తుంది. నవ్వేటప్పుడు ఏ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేదో మాత్రం ఈ మధ్య గుర్తు రావడం లేదు.

"ఒరేయ్ ప్రిమస్, పైకి రా!"

దొర చీటీ లేనిదే బానిస ఊరు దాటకూడదు; దాటితే గస్తీ వాళ్లు పట్టుకుంటారు. కర్నల్ ఆ చీటీ రాసి పైకెత్తి చదివారు: 'ప్రిమస్ ఎక్కడికైనా, ఎన్నాళ్లకైనా వెళ్లవచ్చు. ఎవరూ ఆపరాదు.' కింద సంతకం, తేదీ. దొంగ కాగితం రాయడం ఆయన పరువుకు తక్కువ. అందుకే ప్రతి ఊళ్లోనూ అసలుదే రాస్తారు.

"గస్తీ వాళ్లూ, వినండి! వీణ్ణి ఆపినవాడు నాతో తేల్చుకోవాలి!"

"మీ మాటే మాకు చట్టం, కర్నల్ గారూ!" గస్తీ నాయకుడు ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"పత్రికాయనా, రాసుకోండి. పొమ్మన్నా పోరు వీళ్లు! ఏరా, పోతావా?" అని చీటీని ప్రిమస్ చేతిలో పెట్టారు.

రేవులో సవానా వెళ్లే పడవ కూత వేసింది. ఏడుపు సరిగ్గా కర్నల్ కోరిన చోటే వచ్చింది.

"భేష్," కర్నల్ గొంతు తగ్గించారు. "ఇక చింపు."

ప్రిమస్ చీటీని తడవకుండా మడిచి చొక్కాలో పెట్టుకున్నాడు. కర్నల్ ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది.

ప్రిమస్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.